మెదడును తడిపే నీరు

సంఘములో ఒక సహోదరి నాలుగు నెలలుగా ఆరాధనకు రావడం లేదంటే మనలో చాలామంది అనే మాట, "విశ్వాసము సన్నగిల్లింది" అని. ఆమెకు నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే కన్నీళ్ళు వస్తాయి. డాక్టరుగారు మాత్రలు రాసిస్తే, ఉపవాస కూటములో ఎవరో ఒకరు "అవి మానెయ్యమ్మా, ప్రభువు చూసుకుంటాడు" అంటారు. ఈ సలహా ప్రాణం మీదికి తేగలదు. అందుకే ఈ నెల మెదడును గూర్చి కొంచెం వివరంగా రాస్తున్నాము.

మన మెదడు తేట నీటివంటి ద్రవములో తేలుతూ ఉంటుంది. దానిని మస్తిష్క మేరుద్రవం అంటారు. పెద్దవారిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు. మెదడు లోపలి గదులలో రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది, పాతది రక్తములో కలుస్తుంది. (వెన్నులోనుండి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని పల్లెల్లో భయపడి, మెదడుపొరల వాపు వచ్చిన బిడ్డకు కూడా పరీక్ష వద్దంటారు. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన. తీసిన ఆ కొద్ది నీరు గంట, గంటన్నరలో మళ్ళీ ఊరుతుంది.)

నరకణానికీ నరకణానికీ మధ్య సన్నని సందు ఉంది. ఒక కణం సెరటోనిన్, డోపమైన్ వంటి రసాయనాన్ని వదిలితే అవతలి కణం ఆ కబురు అందుకుంటుంది. పని కాగానే దానిని తొలగించాలి, లేకపోతే కబురు ఆగదు. చాలావరకు వదిలిన కణమే వెనక్కి పీల్చుకొని మళ్ళీ వాడుకుంటుంది. కొంత ఎంజైములు విరగగొడతాయి. సందులో రసాయనం ఎక్కువైతే "ఇక చాలు" అని చెప్పే గ్రాహకాలు కూడా వదిలే కణం మీదనే ఉన్నాయి. ఇంత పొదుపు ఏ ఇల్లాలు చేయగలదు!

విరిగిన ముక్కలు మేరుద్రవంలోకి, అక్కడనుండి రక్తంలోకి, చివరకు మూత్రంలోకి పోతాయి. గోదావరి డెల్టా రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. పంటకాలువ వేరు, మురుగుకాలువ వేరు. ఈ ముక్కల విషయంలో మేరుద్రవం మురుగుకాలువ వంటిది. ఆ నీరు చూసి చేలో ఏం జరిగిందో ఊహించవచ్చు గాని రూఢిగా చెప్పలేము. 1976లో స్వీడన్‌లో మేరీ ఆస్‌బెర్గ్ అనే డాక్టరు, ఆమె తోటివారు కుంగుబాటుతో ఉన్న 68 మంది మేరుద్రవంలో సెరటోనిన్ ముక్కను కొలిచారు. అది తక్కువ ఉన్నవారిలో ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువగా కనిపించాయి. ఇటువంటి ఫలితాలు చూసి, సెరటోనిన్ తగ్గడమే కుంగుబాటు అని చాలామంది చెప్పసాగారు. అది మరీ తేలిక చేసిన మాట. 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష దానికి తగిన ఆధారం లేదన్నది. అయినా మాత్రలు ఎందరికో మేలు చేస్తున్నాయి.

మరి సెరటోనిన్‌నే సూదిమందుగా ఇవ్వరాదా? రక్తానికి, మెదడుకు మధ్యనున్న అడ్డుగోడ దానిని పోనివ్వదు. మెదడు తనకు కావలసినది తానే చేసుకోవాలి. మాత్రలలో చాలావాటి పని, కణం దానిని వెనక్కి పీల్చుకోకుండా అడ్డగించడం. ఆ పని త్వరగానే మొదలైనా మనసు తేలికపడటానికి చాలా వారాలు పట్టవచ్చు. పది రోజులు వేసుకొని "గుణం లేదు" అని మానడము, బాగైందని ఒక్కసారిగా ఆపడము రెండూ ప్రమాదమే. డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించాలి.

కర్మెలు మీద అగ్నిని చూచిన ఏలీయా అటు తరువాత బదరీవృక్షము క్రింద చావు కోరాడు. దూత అతణ్ణి గద్దించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి మళ్ళీ పండుకోనిచ్చాడు. ప్రార్థన చేసే పెద్దలే ఆసుపత్రికి తోడు వెళ్ళవచ్చు. చావు మాటలు వినబడితే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలకు తాళం వేయండి. టెలి మానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.