మీకు తెలుసా? పెద్ద టైరుతో బ్రేకు పట్టు తగ్గుతుంది

నూజివీడు మామిడి తోటల బురద దారుల కోసం ఫోర్‌వీల్ జీపుకు పెద్ద టైర్లు వేయిస్తున్నారా? టైరు వ్యాసం 10 శాతం పెరిగితే, పెడల్‌ను అంతే బలంగా తొక్కినా నేలపై బ్రేకు పట్టు సుమారు 9 శాతం తగ్గుతుంది.

టైర్ల సంగతి అలా ఉంచితే, పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగడం లేదంటే ముందు బ్రేకు బూస్టర్ చూడాలి. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగలేదా, వాక్యూమ్ గొట్టం లీకవుతుండొచ్చు, లేదా బూస్టరే పోయి ఉండొచ్చు. పెడల్ మెత్తగా ఉంటే లైన్లో గాలి చేరిందేమో చూడాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. రసాల మామిడికాయల లోడు ఎత్తకముందే ఆయిల్ మార్పించండి.