మచ్చ పోయిందని మందు ఆపొద్దు

బంగారు చేప తోక మీద ఉప్పు రవ్వంత తెల్లటి చుక్క. మర్నాటికి మొప్పల మీదా, రెక్కల మీదా బొంబాయి రవ్వ చల్లినట్టయింది. చేపకి నిలకడ లేదు. అడుగునున్న గులకరాళ్లకేసి ఒళ్లు రాసుకుని, చటుక్కున పైకి లేచి, మళ్లీ రాసుకుంటోంది. మైలవరంలో మా ఇంటి తొట్టె 40 లీటర్లది. అంతకు వారం ముందే బెజవాడ నుంచి తెచ్చిన కొత్త చేపని, విడిగా ఉంచి చూడకుండా అందులో వదిలాను.

కైకలూరు దగ్గర చేపల చెరువు చేసే మావయ్యకి ఫోన్ చేశాను.

"ఉప్పెయ్యమ్మాయ్. చుక్కలు పోగానే మాత్రం ఆపకు. అందరూ అక్కడే దెబ్బతింటారు."

ఆ చుక్క 'ఇక్' అనే ఏకకణ జీవి. చేప పైచర్మం కింద దాక్కున్నంతసేపూ ఉప్పు దాన్ని తాకలేదు. బాగా తిని పెరిగాక రాలి, తొట్టె అడుగున చుట్టూ పొర కట్టుకుని, లోపల వందల పిల్లలుగా చీలుతుంది. అవి ఈదుకుంటూ బయటికొచ్చి, ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. ఉప్పు పనిచేసేది ఆ ఈదే పిల్లల మీదే. నీళ్లు వెచ్చగా ఉంటే ఇదంతా వారంలోపే జరిగిపోతుంది, చలికి వారాలు సాగుతుంది.

లీటరుకి 3 గ్రాముల లెక్కన 120 గ్రాముల రాళ్ల ఉప్పు తూచి, మూడు వాటాలు చేసి, మగ్గులో కరిగించి రోజంతా కొద్దికొద్దిగా పోశాను. నీటి మొక్కలు ఉప్పుకి తాళవు, ముందే తీసేశాను. రోజు విడిచి రోజు ట్యూబుతో అడుగు మురికి లాగి 10 లీటర్లు మార్చి, ఆ కొత్త నీళ్లకి 30 గ్రాములే కలిపాను. ఆవిరైన నీళ్ల బదులు పోసేటప్పుడు మాత్రం ఉప్పు వెయ్యకూడదు. నీళ్లే ఆవిరవుతాయి, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది.

 

అయిదో రోజుకి చేప ఒళ్లు శుభ్రం. ఇక చాలనిపించింది. ఆ ఆదివారం మావయ్య చెరువు గట్టు మీద ఉన్నాను. వలలో పడ్డ బొచ్చెని పట్టుకుని రెక్క ఎత్తి చూపించారు. కందిబేడంత పలచటి పురుగు, చేపపేను. గోటితో కదిపితే పక్కకి జారింది. తర్వాత నీళ్లలోంచి వెదురు కర్ర ఒకటి పైకి లాగారు. దాని మీద వరసలు వరసలుగా గుడ్లు.

"చూశావా, గుడ్లు పెట్టడానికి చేపని వదిలేసి వస్తుంది. మందు కొట్టినా ఇవి చావవు. కర్ర తీసి ఎండబెడతాం, మిగిలినవి పిల్లలయ్యే వేళకి మళ్లీ మందు కొడతాం. నీ తొట్టె అడుగునా అదే కథ."

సాయంత్రం ఇంటికి రాగానే 10 లీటర్లు మార్చి, మళ్లీ 30 గ్రాములు తూచాను.