వేసవిలో పందుల రవాణా: హిందూపురం – పెనుకొండ – ధర్మవరం మార్గంలో వడదెబ్బ నివారణ

ఉపోద్ఘాతం:
శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు వర్షాభావానికి, తీవ్రమైన ఎండలకు పేరుపడ్డ మెట్టభూములు. రాయలసీమలో అనేక ఎరుకల కుటుంబాలకు పందుల పెంపకం తరతరాల జీవనాధారం. వేసవి ప్రయాణంలో ఒక్క పంది మరణించినా అటువంటి కుటుంబం నెలల శ్రమఫలాన్ని కోల్పోతుంది. ఈ నష్టానికి మూలమైన శరీరధర్మాన్ని, నివారణ మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శరీరధర్మం:
పంది చర్మంలోని స్వేదగ్రంథులు దేహాన్ని చల్లబరిచే స్థాయిలో పనిచేయవు. చర్మం కింది కొవ్వుపొర వేడిని బయటకు పోనీయదు. రొప్పడం వల్ల కలిగే ఉపశమనం కూడా పరిమితమే. అందుకే పంది బురదలో పొర్లుతుంది. ఒంటికంటిన తడి ఆవిరవుతూ దేహంలోని వేడిని తీసుకుపోతుంది. వాహనంలో దానికి ఈ అవకాశం ఉండదు.

మార్గ స్వభావం:
హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉండగా, ధర్మవరం 350 మీటర్ల దరిదాపుల్లో ఉంది. కనుక హిందూపురంలో చల్లని వేళ ఎక్కించిన పందులు పెనుకొండ మీదుగా దిగువకు సాగేకొద్దీ, పొద్దెక్కేకొద్దీ రెండు విధాలా వేడిని ఎదుర్కొంటాయి. వేకువకు ముందే బయలుదేరి, ఎండ ముదరకముందే గమ్యం చేరడం ప్రథమ జాగ్రత్త.

తడి, గాలి:
ఇక్కడి పొడిగాలిలో తడి త్వరగా ఆవిరవుతుంది. అయితే వాహనం ఆగినప్పుడు పందుల ఒంటివేడి, ఊపిరి తేమ లోపలే పేరుకుంటాయి. అప్పుడు ఆవిరి కావడం మందగిస్తుంది. అందువల్ల నీళ్లు చల్లి, చుట్టూ టార్పాలిన్ కప్పి నిలిపిన వాహనం మేలుకంటే కీడే చేస్తుంది. పైన నీడ, పక్కల గాలి, కింద తడి ఇసుక ఉండాలి. ఆగక తప్పకపోతే చెట్టునీడన, కొద్దిసేపే ఆగాలి.

స్థలం, ఆహారం:
2015లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు ఒక్కో పందికి 0.6 చదరపు మీటర్ల స్థలాన్ని నిర్దేశించాయి. ఇరుకులో పందులు పడుకోలేవు, వాటి మధ్య గాలి ఆడదు. వేర్వేరు మందల పందులను కలిపితే అవి పోట్లాడుకుని మరింత వేడెక్కుతాయి. ప్రయాణానికి కొన్ని గంటల ముందు మేత ఆపాలి గాని, తాగునీరు ఆపరాదు.

ప్రమాద సంకేతాలు:
నోరు తెరిచి రొప్పడం, చర్మం ఎర్రబారడం, వణకడం, తూలడం వడదెబ్బ లక్షణాలు. అటువంటి పందిని నడిపించక, నీడలో గాలి తగిలేలా ఉంచి, ఒంటిని క్రమంగా తడపాలి. మంచునీళ్లు ఒక్కసారిగా కుమ్మరించరాదు. వెంటనే పశువైద్యుణ్ణి సంప్రదించాలి.

ముగింపు:
పందిని చల్లబరిచేది నీరు మాత్రమే కాదు, ఆ నీటిని ఆవిరిగా మార్చే గాలి కూడా. ఈ సూత్రాన్ని గ్రహించి ప్రయాణవేళను, వాహనాన్ని సిద్ధం చేసుకుంటే, పెద్ద ఖర్చు లేకుండానే మూగజీవి బాధను, పెంపకందారు నష్టాన్ని తగ్గించవచ్చు.