కారు మరమ్మతులు: నమ్మకమైన మెకానిక్, న్యాయమైన ధర
(ప్రత్యేక వ్యాసం)

ఒకప్పుడు కొద్ది కుటుంబాలకే పరిమితమైన సొంత కారు నేడు జిల్లా కేంద్రాలలోనే గాక మండల కేంద్రాలలో సైతం సర్వసాధారణమైనది. ఉద్యోగులు, చిరువ్యాపారులు, రైతులు కార్లను వినియోగిస్తున్నారు. స్వయం ఉపాధి నిమిత్తం ట్యాక్సీ నడుపుకునే వారికి కారే జీవనాధారం. అది నాలుగు రోజులు షెడ్డులో నిలిచిపోతే ఆ నాలుగు రోజుల సంపాదన పోతుంది; బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

కారు కొనేటప్పుడు నలుగురిని విచారించి, పది చోట్ల ధర కనుక్కునే వారు కూడ మరమ్మతు అవసరమైనప్పుడు ఏ పని చేయాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది అడగకుండానే తాళంచెవి అప్పగిస్తున్నారు. బిల్లు చేతికి అందిన తరువాత వివాదం మొదలవుతున్నది. అప్పటికి పాత భాగం ఉండదు, ముందు చెప్పిన మాటకు ఆధారం ఉండదు. ఈ స్థితిని నివారించేందుకు మూడు కాగితాలు చాలు. అవి వాహనం అప్పగించేటప్పుడు జాబ్ కార్డు, పని ప్రారంభానికి ముందు రాతపూర్వక అంచనా, పని ముగిసిన తరువాత వివరాలతో కూడిన బిల్లు. వీటిని అడిగినప్పుడు వెనుకాడకుండా ఇచ్చే మెకానిక్‌ను నమ్మవచ్చు. చిన్న షెడ్డులో అచ్చు కాగితాలు లేకపోయినా, తెల్ల కాగితంపై రాసి సంతకం చేసి ఇచ్చినా సరిపోతుంది.

అవసరం రాకముందే ఎంపిక

కారు దారిలో నిలిచిపోయిన తరువాత మెకానిక్‌ను వెదకడం మొదలుపెడితే బేరమాడే అవకాశం ఉండదు. ఆయిల్ మార్పు, టైర్ల మార్పిడి వంటి చిన్న పనిని ముందుగా ఒక షెడ్డులో చేయించి వారి పద్ధతిని గమనించడం మేలు. అదే మోడల్ కారును కొన్నేళ్లుగా వాడుతున్న వారిని, ట్యాక్సీ డ్రైవర్లను విచారించాలి. రోజూ కారుపై ఆధారపడే డ్రైవర్లకు ఏ పనికి ఎవరు సమర్థులో తెలిసి ఉంటుంది. విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం ఆటోనగర్ల వంటి చోట్ల ఇంజన్ పని, ఎలక్ట్రికల్ పని, డెంటింగ్, పెయింటింగ్ వేర్వేరు షెడ్లలో జరుగుతుంటాయి. అటువంటి చోట ఒకే పనికి రెండు మూడు షెడ్లలో ధర కనుక్కోవడం సులభం.

లక్షణాన్ని వివరించాలి

వాహనదారుడు లోపం యొక్క లక్షణాన్ని మాత్రమే చెప్పి, కారణాన్ని కనుగొనే పనిని మెకానిక్‌కు వదలాలి. "బ్యాటరీ మార్చండి" అని చెబితే బ్యాటరీ మారుతుంది, లోపం అలాగే ఉండవచ్చు. "ఉదయం పూట స్టార్ట్ కావడం లేదు" అని చెబితే పరీక్ష జరుగుతుంది. ఇంజన్ ఆపి కొన్ని గంటలు ఉంచిన తరువాత పూర్తి చార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుండి 14.5 వోల్టుల వరకు రావాలి. అంతకు బాగా తగ్గితే ఆల్టర్నేటరును, దాని బెల్టును, వైర్లను కూడ చూడవలసి ఉంటుంది. మీటరుతో క్షణాలలో పూర్తయ్యే ఈ పరీక్ష అనవసరపు బ్యాటరీ ఖర్చును తప్పించగలదు.

ఎయిర్ కండిషనర్ విషయం కూడ ఇటువంటిదే. అందులోని గ్యాస్ మూసి ఉన్న గొట్టాలలో తిరుగుతుంది. అది పెట్రోలు వలె ఏటా నింపవలసినది కాదు. కొద్ది నెలలకే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. లీకు ఎక్కడున్నదో చూడకుండా గ్యాస్ నింపితే అదే ఖర్చు మరుసటి వేసవిలో తిరిగి వస్తుంది. స్కానర్‌లో కనిపించే కోడ్ కూడ లోపం ఏ విభాగంలో ఉన్నదో సూచిస్తుందే తప్ప, ఫలానా భాగాన్ని మార్చి తీరాలని చెప్పదు. కోడ్ చూపి ఖరీదైన సెన్సారు మార్చాలన్నప్పుడు, వైరింగ్‌ను, కనెక్టర్లను పరీక్షించారా అని అడగాలి.

అంచనా ఎట్లుండాలి

అంచనాలో చేయవలసిన పని, మార్చవలసిన భాగం, దాని కంపెనీ, ధర, లేబర్ చార్జీ, పని పూర్తయ్యే తేదీ విడివిడిగా ఉండాలి. అనుమతి లేకుండా అదనపు పని చేయరాదన్న వాక్యం కూడ తప్పక ఉండాలి.

ఉదాహరణకు, బ్రేకు వేసినప్పుడు శబ్దం వస్తున్న కారుకు ఒక షెడ్డు ముందు బ్రేక్ ప్యాడ్లకు రూ. 2,400, లేబర్‌కు రూ. 600, మొత్తం రూ. 3,000 అని రాసి ఇచ్చినదనుకుందాం. వేరొక షెడ్డు "అన్నీ కలిపి రూ. 2,500" అన్నది. రెండవ ధర తక్కువగా కనిపిస్తున్నా, ప్యాడ్లు ఏ కంపెనీవో తెలియనంత వరకు రెంటినీ పోల్చడం సాధ్యం కాదు. చక్రం విప్పిన తరువాత డిస్కులు కూడ అరిగాయని తేలితే, మెకానిక్ ఫోన్ చేసి మరో రూ. 4,800 ఖర్చవుతుందని చెప్పి, వాటిని చూపించి, అనుమతి పొందిన తరువాతనే మార్చాలి. ఈ అంకెలు కేవలం వివరణ నిమిత్తం తీసుకున్నవి. ఫోన్‌లో ఇచ్చిన అనుమతిని సంక్షిప్త సందేశం రూపంలో కూడ పంపితే ఉభయులకూ రక్షణ.

న్యాయమైన ధర అంటే అతి తక్కువ ధర అని భావించరాదు. నైపుణ్యం గల మెకానిక్ లోపాన్ని కనుగొనేందుకు వెచ్చించిన సమయానికి కూడ విలువ కట్టాలి. లేబర్‌ను మితిమీరి తగ్గించమని పట్టుబడితే ఆ లోటు నాసిరకం విడిభాగం రూపంలో తిరిగి వచ్చే ప్రమాదమున్నది.

సర్వీసుకు వెళ్లినప్పుడు ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ వంటి అదనపు పనులను సూచించడం పరిపాటి. కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లకు ఏ పని చేయించాలో పట్టిక రూపంలో ఉంటుంది. ఆ పట్టికలో లేని పనిని సూచిస్తే, ఏ లక్షణాన్ని బట్టి అది అవసరమైనదో అడిగి తెలుసుకోవాలి.

విడిభాగాల ధర, పన్ను

2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం, చిల్లరగా విక్రయించే ప్యాకెట్‌పై తయారీదారు వివరాలు, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉండాలి. గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసి ఉంటాయి. ఆ ధరపై మళ్లీ జీఎస్టీ కలిపి బిల్లు వేయడం అధిక వసూలు క్రిందికి వస్తుంది. దీనిపై తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. కావున భాగం వచ్చిన డబ్బాను కూడ అడిగి తీసుకుని, దానిపై ఉన్న ధరను బిల్లుతో సరిచూడాలి.

ఇంజన్ ఆయిల్ విషయంలో గ్రేడును, పరిమాణాన్ని మాన్యువల్‌తో పోల్చాలి. ఇంజన్‌కు మూడున్నర లీటర్లు పట్టగా బిల్లులో ఐదు లీటర్లు ఉంటే, మిగిలిన ఆయిల్ వాహనదారునికి చెందుతుంది. సీలు వేసిన డబ్బాను కళ్లెదుట తెరిపించుకోవడం ఉత్తమం.

లేబర్ చార్జీపై జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుండి కార్ల విడిభాగాలపై కూడ 18 శాతం రేటు వర్తిస్తున్నది. పన్ను వసూలు చేసే షెడ్డు బిల్లుపై 15 అక్షరాల, అంకెల జీఎస్టీ నంబరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది 37తోను, తెలంగాణలో 36తోను మొదలవుతుంది. జీఎస్టీ నమోదు లేని చిన్న షెడ్డు బిల్లు ఇవ్వవచ్చును గాని పన్ను పేరిట సొమ్ము వసూలు చేయరాదు.

మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇవ్వవలసిందిగా పని అప్పగించేటప్పుడే చెప్పాలి. భాగం నిజంగా మారినదా, మార్చవలసిన స్థితిలోనే ఉన్నదా అన్న రెండు ప్రశ్నలకూ అది సమాధానం ఇస్తుంది. వివాదం తలెత్తితే అదే సాక్ష్యం.

బయట మరమ్మతు, వారంటీ

కంపెనీ సర్వీసు కేంద్రంలో గాక బయట పని చేయిస్తే వారంటీ మొత్తం రద్దవుతుందన్న భయం చాలమందిలో ఉన్నది. భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల తయారీ సంస్థలపై ఇచ్చిన ఉత్తర్వులో ఈ అంశాన్ని పరిశీలించింది. విడిభాగాలు, పరీక్షా పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేయడాన్ని తప్పుపట్టి, సుమారు రూ. 2,545 కోట్ల జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు తగదనీ, బయటి పని లోపం వల్ల కలిగిన నష్టం మేరకే దానిని నిరాకరించవచ్చుననీ పేర్కొన్నది. ఈ ఉత్తర్వుపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కావున దీనిని ప్రతి వివాదానికీ తుది తీర్పుగా భావించరాదు. వారంటీ కాలంలో ఉన్న కారుకు బయట పని చేయించే ముందు వారంటీ పుస్తకంలోని షరతులను చదువుకోవడం, బిల్లులను భద్రపరచుకోవడం మంచిది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్ పరిధిలో ఆటోమొబైల్ రంగం కూడ ఉన్నది.

షెడ్డు బాధ్యత, మెకానిక్ హక్కు

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, మరమ్మతుకు ఇచ్చిన కారును మెకానిక్ తన సొంత వస్తువు వలె జాగ్రత్తగా చూడాలి. యజమాని అనుమతి లేకుండా వేరే అవసరానికి వాడి నష్టం కలిగిస్తే అందుకు బాధ్యత వహించాలి. అందుకే కారు అప్పగించేటప్పుడు మీటరుపై కిలోమీటర్లు, ట్యాంకులో ఇంధనం, స్టెప్నీ, పనిముట్లు, ఉన్న గీతలు, సొట్టలు జాబ్ కార్డుపై రాయించాలి, ఫోటోలు తీసుకోవాలి.

అదే చట్టంలోని 170వ సెక్షన్ మెకానిక్‌కు కూడ రక్షణ కల్పిస్తున్నది. ఒప్పుకున్న ప్రకారం చేసిన పనికి సొమ్ము అందే వరకు ఆ కారును తన వద్ద ఉంచుకునే హక్కు అతనికి ఉన్నది. కావున బిల్లుపై అభ్యంతరం ఉన్నప్పుడు ఘర్షణకు దిగరాదు. "అభ్యంతరంతో చెల్లించడమైనది" అని బిల్లుపై రాసి, సొమ్ము చెల్లించి, కారు తెచ్చుకుని, ఆ తరువాత ఫిర్యాదు చేయడం మేలు. పని సంతృప్తికరమన్న పత్రంపై మాత్రం కారు నడిపి చూడనిదే సంతకం చేయరాదు.

ఫిర్యాదు చేయు విధానం

2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సేవలలో లోపంతో పాటు అవసరమైన సమాచారాన్ని బుద్ధిపూర్వకంగా దాచడం కూడ ఫిర్యాదుకు తగిన అంశం. అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చినది.

మొదట షెడ్డు యజమానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పరిష్కారం లభించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అప్పటికీ ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. చెల్లించిన ప్రతిఫలం రూ. 50 లక్షలు మించని కేసులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. రూ. 5 లక్షల వరకు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. షెడ్డు మరో జిల్లాలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటనే కేసు వేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. 2025లో ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.

కారును వ్యాపారానికి వాడుతున్నందున తాము వినియోగదారులము కామని ట్యాక్సీ డ్రైవర్లు అనుకోవలసిన పని లేదు. కేవలం స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి పొందేందుకు వాడుకునే వారిని కూడ ఈ చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తున్నది.

చట్టం ఎంత బలమైనదైనా కమిషన్ ఎదుట నిలిచేది కాగితమే. జాబ్ కార్డు, అంచనా, బిల్లు, పాత భాగం చేతిలో ఉన్న వారి ఫిర్యాదు సూటిగా ముందుకు సాగుతుంది. సక్రమంగా పనిచేసే మెకానిక్‌పై నిరాధారమైన ఆరోపణ వచ్చినా అవే కాగితాలు ఆయనను కాపాడుతాయి. మార్చి 15న ప్రపంచ వినియోగదారుల హక్కుల దినోత్సవం, డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా జరిపే సదస్సులలో అధికారులు ఈ అంశాన్ని చేర్చి, వాహనదారులతో పాటు షెడ్ల యజమానులను, మెకానిక్‌లను కూడ ఆహ్వానించడం ప్రయోజనకరం. పత్రికలు, ప్రసార మాధ్యమాలు ఈ సమాచారాన్ని గ్రామస్థాయి వరకు చేరవేసినట్లయితే వాహనదారుల కష్టార్జితం వృథా కాకుండా ఉంటుంది.