మోకాలు ఒకరిది, హక్కుదారులు ఇద్దరు

2024 నవంబరు 18న గచ్చిబౌలిలో ఇండియా, మలేషియా ఫుట్‌బాల్ మ్యాచ్ 1-1తో డ్రా అయింది. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ తొందరపడి ముందుకు రావడం వల్ల పడిన గోలు గురించే అందరూ మాట్లాడుకున్నారు. నేనైతే డిఫెండర్ సందేశ్ ఝింగన్ మోకాలినే చూస్తూ కూర్చున్నాను. మాసబ్ ట్యాంక్‌లో ఫిజియోథెరపీ చేసుకుని బతికేదాన్ని, వృత్తి దోషం ఊరికే పోతుందా? ఆ ఏడాది జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్ ఆడుతుండగా అతని మోకాలు దెబ్బతింది. మళ్లీ దేశం జెర్సీ వేసుకోవడం ఈ మ్యాచ్‌లోనే. మలుపు తిరిగేటప్పుడు ఆ కాలి మీద బరువు వేయడానికి భయపడుతున్నాడా అని చూశాను. భయపడలేదు.

దేశం తరఫున ఆడుతూ దెబ్బతినడం ఝింగన్‌కి అది మొదటిసారి కాదు. 2019 అక్టోబరులో గువాహటిలో జాతీయ జట్టుతో ఉండగా జరిగిన ప్రాక్టీసు మ్యాచ్‌లో ఏసీఎల్ అనే మోకాలి లిగమెంటు తెగింది. జీతమిచ్చే కేరళ బ్లాస్టర్స్‌కి ఆ సీజనంతా అతను లేడు. 2025 సెప్టెంబరులో ఇరాన్ మీద ఆడుతూ చెంప ఎముక విరిగింది. అప్పుడు అతని క్లబ్బు ఎఫ్‌సీ గోవా. దెబ్బ తగిలేది దేశానికి ఆడుతున్నప్పుడు, మంచం పక్కన కూర్చోవాల్సింది క్లబ్బు. అదే ఏడాది మోహన్ బగాన్ క్లబ్బు తన ఆటగాళ్లని జాతీయ శిబిరానికి పంపనని భీష్మించుకుంటే చాలామంది దేశభక్తి లేదని తిట్టిపోశారు. జాతీయ జట్టులో గాయపడి వచ్చినవాళ్లని జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్ పట్టించుకోవడం లేదన్నది క్లబ్బు గోడు. ఆ గోడులో న్యాయం ఉందనే నేనంటాను.

ఈ గొడవకి ఫిఫా దగ్గర కొంత మందు ఉంది. అంతర్జాతీయ మ్యాచ్‌లకని కొన్ని తేదీలు కేటాయిస్తారు, దాన్నే విండో అంటారు. ఆ రోజుల్లో పిలిస్తే క్లబ్బు ఆటగాణ్ని వదలాల్సిందే. విండో బయట పిలిస్తే వదలడం, మానడం క్లబ్బు ఇష్టం. గాయమైందని చెబితే ఫెడరేషన్ తన డాక్టరుతో పరీక్ష చేయించుకోమని అడగొచ్చు. 2012 నుంచి ఒక బీమా పథకం కూడా ఉంది. దేశానికి ఆడుతూ గాయపడినవాడు 28 రోజులకి మించి మంచాన పడితే, అతని జీతం లెక్కన క్లబ్బుకి పరిహారం అందుతుంది, గరిష్ఠంగా 75 లక్షల యూరోల దాకా. గమనించారా, డబ్బు చేరేది క్లబ్బుకి. మోకాలికి కాదు.

ఆ మోకాలి సంగతి చెబుతాను. ఏసీఎల్ తెగితే తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో నరంలాంటి స్నాయువు తీసి కొత్త లిగమెంటుగా వేస్తారు. వేసిన వెంటనే అది లిగమెంటైపోదు. లోపల రక్తనాళాలు పుట్టాలి, కణాలు మారాలి. మధ్యలో కొన్ని నెలలు అది మొదట వేసినప్పటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాపు తగ్గి, నొప్పి పోయి, కుర్రాడు ‘మేడం, సెట్ అయిపోయింది’ అంటాడు. తొమ్మిది నెలలు నిండకముందే గ్రౌండ్‌లోకి దిగినవాళ్లలో మళ్లీ తెగేది ఎక్కువ. క్యాలెండరు ఒక్కటే చాలదు. ఒంటికాలి మీద గెంతించి, రెండు తొడల బలం పోల్చి చూడాలి.

ఇదంతా తెలియని కాలంలో హైదరాబాదు మనిషే ఒకాయన గాయపడ్డవాళ్లతో ఆడించే పని ఎలా నడిపాడో చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకీ కోచే, భారత జట్టుకీ కోచే. క్లబ్బూ దేశమూ ఒకే బుర్రలో ఉండేవి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లో రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టినప్పుడు ఆ రెండింట్లో ఒక గోలు జర్నైల్‌దే. కథగా వింటే ఒళ్లు పులకరిస్తుంది. నన్నడిగితే ఫిట్ అని సంతకం పెట్టేదాన్ని కాదు. రహీం ఒంట్లోనూ అప్పటికే క్యాన్సర్ ఉంది, మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు. ఆ జట్టులోనే ఆడిన సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం, ఊపిరితిత్తుల పొర జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట మానేశాడు.

నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఫిఫా బీమా లేదు. స్పోర్ట్స్ కోటాలో కొలువు దొరికినవాళ్లు, దొరుకుతుందని ఎదురుచూసేవాళ్లు. ఆఫీసు టీముకి ఆడకపోతే పర్మనెంట్ కాదని భయం, రాష్ట్ర జట్ల సంతోష్ ట్రోఫీ సెలెక్షన్‌కి పోకపోతే పేరు రాదని భయం. పంజాగుట్ట ఆసుపత్రి నుంచి స్కాన్ ఫైలు చంకలో పెట్టుకుని వస్తారు, వెనకాలే వాళ్ల టీం ఇన్‌చార్జి సారు ఫోన్ వస్తుంది: ‘సండేకి దించొచ్చా మేడం?’ ఆపరేషనై నాలుగో నెల, ఇప్పుడిప్పుడే జాగింగ్ మొదలుపెట్టించానంటాను. ‘పోనీ, సెకండాఫ్‌లో?’ అంటారు. కుదరదంటే వేరే ఫిజియో నంబరు ఉందా అని నన్నే అడిగినవాళ్లూ ఉన్నారు.