కూర్చుండనీయని కుర్చీ

ఒక యువకుడు చేత పుస్తకము పట్టుకొని కుర్చీలో కూర్చుండబోవును. కుర్చీ ప్రక్కకు తప్పుకొనును. అతడు మరల యత్నించును. అది మరల తొలగును. వెంబడించినను, బెదరించినను, బ్రతిమాలినను ఫలము లేదు. తుదకు ఆ కుర్చీ కోరికయేమో గ్రహించి, అతడు తానే క్రిందికి వంగి, దానిని తనపై కూర్చుండనిచ్చును. పిమ్మట గాని యది యతనికి లొంగదు.

ఇది 1957లో కెనడా దేశపు జాతీయ చలనచిత్ర సంస్థ నిర్మించిన ‘ఎ చైరీ టేల్’ అను చిన్న చిత్రము. నిడివి పది నిమిషములు. ఇందు ఒక్క మాటయు లేదు. కుర్చీ యలుకను, యువకుని తొందరను తెలుపునది మన సంగీతమే: రవిశంకర్ సితారు, చతుర్‌లాల్ తబలా.

కుర్చీ యెట్లు నడచినది? సినిమా యనగా సెకనుకు 24 నిశ్చల చిత్రములు. ఒక చిత్రము తీసి, కుర్చీని కొంచెము జరిపి, మరియొకటి తీసినచో, తెరపై నది తనంత తాను కదలినట్లు తోచును. చిత్రమునకొక మారు జరుపవలసి వచ్చినచో నిమిషమునకు 1440 మార్లు! కొన్ని చోట్ల సన్నని దారములు కట్టి లాగిరి. కుర్చీకి ప్రాణము పోసిన నేర్పరి ఎవెలిన్ లాంబార్ట్ అను మహిళ.

దర్శకులలో నొకడైన నార్మన్ మెక్‌లారెన్ (1914–1987) స్కాట్లండువాడు. విద్యార్థి దశలో కెమెరా లేకపోగా, పాత ఫిల్మును కడిగి, దానిపైననే రంగులతో బొమ్మలు వేసినవాడు. 1952 నాటి ‘నైబర్స్’ చిత్రమున ఆయన మనుష్యులనే బొమ్మలవలె కదపెను. నటుడెగిరిన ప్రతిమారు అతడు గాలిలో నున్న క్షణమున మాత్రమే చిత్రము తీయగా, తెరపై నతడు నేల తాకక పచ్చికపై తేలిపోవును. ధ్వనులకు సైతము వాద్యములు లేవు. ఫిల్ము అంచున గీతలు గీచి పుట్టించినవే. కథ యింతే: రెండిండ్ల నడుమ నొక పువ్వు పూచును, అది నాదనగా నాదని ఇరుగుపొరుగువారు కొట్టుకొని చత్తురు. బాలురు నవ్వుచు చూడనారంభించి, సగములో నవ్వు మానుదురు. దీనికి ఆస్కార్ బహుమానము లభించినది.

ఆ సంస్థ 2009 నుండి తన చిత్రములను ఇంటర్నెట్టులో ఉచితముగ చూపుచున్నది. అయినను, వానంతట అవి యెవరి ఫోనులోనికిని నడచి రావు. ఫోను సామాన్యముగ నిన్న చూచినదానివంటిదే నేడును చూపును. వెదకువానికి పేరు కావలెను. నచ్చిన చిత్రము తుదిని వచ్చు పేర్లను చాలమంది చదువకయే ఆపివేయుదురు. ఆ పేర్లే దారి. దర్శకుని పేరు వ్రాసి వెదకినచో అతని యితర చిత్రములు దొరకును. నిర్మాణపద్ధతి పేరు పట్టుకొన్నచో దేశములే దాటవచ్చును. మనుష్యులను బొమ్మలవలె కదపు పద్ధతికి ‘పిక్సిలేషన్’ అని పేరు. ఆ మాట వెంట పోయినవాడు మన ఫిలిమ్స్ డివిజన్ వారి ‘ఆబిద్’ (1972) వద్దకు చేరును. అందు ప్రమోద్ పతి యను దర్శకుడు చిత్రకారుడు ఆబిద్ సూర్తీని ఆ పద్ధతినే కదిపి చూపెను.