ఇంటి విక్రయము: ధర నిర్ణయము, మధ్యవర్తి పని

నగరి పట్టణము చుట్టునుగల గ్రామములలో ఇల్లు అమ్మకమునకు వచ్చుట అరుదైన సంగతి కాదు. మగ్గము నిలిపి తిరుపతికో చెన్నపట్టణమునకో పోయి స్థిరపడిన కుటుంబము పాత యిల్లు వదలుకొనగోరును. ఆడపిల్ల పెండ్లికో, వైద్యపు ఖర్చులకో అమ్మువారును కలరు. అట్టివారు మొట్టమొదట ఎవరిని సలహా అడుగుదురు? తమ వార్డులోని పంచాయతీ సభ్యునే గదా. ఆయన చెప్పు మాటను బట్టి ఒక కుటుంబము జన్మమంతయు కూడబెట్టుకొన్నది నిలుచుటయో, కరగిపోవుటయో జరుగును. కావున ఇంటికి ధర కట్టుట యెట్లు, మధ్యవర్తి ద్వారా అమ్మునపుడు గమనింపవలసిన దేమి అను సంగతులను ఇందు తెలుపదలచితిమి.

మధ్యవర్తి గడప తొక్కకముందే యజమానికి తన యింటి ధర తెలిసియుండవలెను. తెలియనిచో మధ్యవర్తి చెప్పినదే ధర యగును.

ధరకు ముందు కొలత. మన ప్రాంతమున ఇదియే పెద్ద చిక్కు. ఊరివారు అంకణములలో చెప్పుదురు. రెవెన్యూవారి లెక్క సెంట్లలో నుండును. దస్తావేజులో చదరపు గజములుండును. సరిహద్దు దాటి వచ్చు కొనుగోలుదారు గ్రౌండు ధర యెంత యని అడుగును. సెంటు అనగా 435.6 చదరపు అడుగులు. గ్రౌండు అనగా 2,400 చదరపు అడుగులు, సుమారు ఐదున్నర సెంట్లు. అంకణము మాత్రము అన్నిచోట్ల ఒకటి కాదు. తిరుపతి ప్రాంతమున అది 36 చదరపు అడుగులు, నెల్లూరు ప్రాంతమున 72. ఐదు సెంట్ల స్థలము మొదటి లెక్కలో 60న్నర అంకణములు, రెండవ లెక్కలో 30కి కొంచెము పైన. ఏ అంకణమో చెప్పక బేరము కుదుర్చుకొన్నచో ధర సగమైనను కావచ్చును, రెట్టింపైనను కావచ్చును. స్థలమును టేపుతో కొలిపించి, చదరపు అడుగులలో వ్రాసియుంచుకొనుట మేలు.

ఇక ధర. స్థలమునకు వేరుగను, కట్టడమునకు వేరుగను లెక్క వేయవలెను. స్థలమునకు ఆధారము, అదే వీధిలో గడచిన ఒకటి రెండేండ్లలో నిజముగా తెగిన బేరములు. అడిగిన ధర వేరు, తెగిన ధర వేరు; అరుగులమీద వినవచ్చునది తరచుగా మొదటిది. తిరుపతి నుండి చెన్నైకి పోవు జాతీయ రహదారిని ఆనుకొనిన స్థలమునకు తెగిన ధరను చూచి, వెనుక సందులోని యింటికి అదే కోరుట తగదు. కట్టడమునకు, నేడు అట్టిది కట్టుటకు ఎంత యగునో మేస్త్రీ నడిగి, గడచిన యేండ్లకు తరుగు తీసివేయవలెను. ఉదాహరణకు ఐదు సెంట్ల స్థలము సెంటు 2 లక్షల చొప్పున 10 లక్షలనుకొందము. 800 చదరపు అడుగుల కట్టడమునకు, అడుగు 1,500 రూపాయల వంతున, నేటి ఖర్చు 12 లక్షలు. అది 60 ఏండ్లు నిలుచుననియు, ఇప్పటికి 25 ఏండ్లు గడచినవనియు అనుకొన్నచో మిగిలిన విలువ 7 లక్షలు. వెరసి 17 లక్షలు. దీనికంటె ఒక లక్ష హెచ్చుగా అడుగవచ్చును. ఎంతకు తగ్గరాదో కూడ ఇంటిల్లిపాది ముందే అనుకొని, ఆ అంకెను బయటికి చెప్పకుండుట మంచిది. మరీ హెచ్చుధర చెప్పి కూర్చొన్న యిల్లు నెలల తరబడి నిలిచిపోవును. ఇంటిలో ఏదో లోపమున్నదని ఊరు చెప్పుకొనుట అప్పుడు మొదలగును.

నేతవారి యింటి సంగతి వేరు. మరమగ్గముల కొట్టము, దానికి తెచ్చుకొన్న విద్యుత్తు నేతపనివానికి విలువైనవి. ఉద్యోగికి అవి పడగొట్టవలసిన గోడలు. కావున ఆ వార్త ముందుగా నేతపనివారికి చేరునట్లు చూడవలెను. మగ్గముల ధరను ఇంటి ధరతో కలుపరాదు. కలిపిన బేరమున మగ్గములు ఉచితముగా పోవుటయే తరచుగా జరుగును.

కాగితములు సరిగా లేని యింటికి మంచి ధర రాదు. మూలదస్తావేజు, ఇంటిపన్ను రశీదులు, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునుండి తెచ్చిన ఎన్‌కంబరెన్సు సర్టిఫికెటు ముందే సిద్ధపరచుకొనవలెను. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరిన సంగతి పెద్దలెరిగినదే. పాత కాగితము తమిళమున నున్నచో తెలుగు అనువాదము వ్రాయించియుంచవలెను. గ్రామకంఠములోని యిండ్లకు పెక్కింటికి దస్తావేజే యుండదు. అట్టిచోట్లకై 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకము క్రింద కొలత పూర్తియైన గ్రామములలో ఆస్తికార్డు పొందవచ్చును. ప్రభుత్వము పేదలకిచ్చిన నివేశన స్థలమునకు 1977 నాటి అసైన్డు భూముల చట్టపు నిర్బంధములు, తరువాతి సవరణలు వర్తించును. తహశీలుదారు కార్యాలయమున విచారింపకుండ బేరమాడరాదు. పిత్రార్జితమైన యింటికి అన్నదమ్ముల సంతకములతో పని తీరదు. 1985 సెప్టెంబరు 5 నుండి మన రాష్ట్రమునను, 2005 నుండి దేశమంతటను కుమార్తెలకు సమాన హక్కు ఏర్పడినది. ఆడబిడ్డను అడుగక బయానా పుచ్చుకొని, పిదప కోర్టు మెట్లెక్కిన కుటుంబములు ఏ తాలూకాలో లేవు?

ఇక మధ్యవర్తి. దళారి, బ్రోకరు, తమిళమున తరగర్ అని పిలువబడువాడు ఇతడే. అతడు దుర్జనుడని మా భావము కాదు. చెన్నైలో నున్న కొనుగోలుదారును మన సందులోనికి తెచ్చుట యజమానికి చేతనగు పని కాదు. ఆ పనికి కూలి యిచ్చుట న్యాయము. కాని ఆ కూలి ఎట్టిదో మొదటనే తేల్చుకొనవలెను. నూటికి ఒకటి రెండు వంతుల చొప్పున ఇచ్చుట ఒక పద్ధతి. "మీకు 15 లక్షలు ముట్టజెప్పెదను, పైన వచ్చినది నాది" అనుట ఇంకొక పద్ధతి. పై యిల్లు 18 లక్షలకు పోయినదనుకొనుడు. మొదటి పద్ధతిని నూటికి రెండు వంతున మధ్యవర్తికి చెందునది 36,000 రూపాయలు. రెండవదానిని 3 లక్షలు. రెండవ పద్ధతికి మా సమ్మతి లేదు. అట్టివాడు కొనువానిని, అమ్మువానిని ఎదురుపడనీయడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. అమ్మిపెట్టుమని అప్పగించిన ఆస్తిని ఏజెంటు వేరొకరి పేర తానే కొని, ముఖ్యమైన సంగతిని దురుద్దేశముతో దాచినచో, లేక ఆ విక్రయము యజమానికి నష్టకరమైనచో, యజమాని దానిని నిరాకరింపవచ్చును. 2016 నాటి స్థిరాస్తి చట్టము ఏజెంట్లకు రిజిస్ట్రేషను విధించినది గాని, అది నమోదు కావలసిన కొత్త నిర్మాణములు, లేఔట్ల అమ్మకమునకు సంబంధించినది. పాత యింటిని అమ్మిపెట్టు మధ్యవర్తికి అది అంటదు. కావున అడుగు ధర, కమీషను, గడువు తెలుపు చీటీ యొకటి వ్రాసి ఇరువురును సంతకము చేయుట యవసరము. మూడు నెలల గడువు చాలును. మూలదస్తావేజును మధ్యవర్తి చేతికీయరాదు, నకలే యీయవలెను. జనరల్ పవరాఫ్ అటార్నీ వ్రాసియిచ్చుట అసలే కూడదు. అట్టి పత్రముల వలన ఆస్తిహక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

బయానా 20,000 రూపాయలు మొదలుకొని ఎంతైనను నగదుగా పుచ్చుకొనుట 2015 జూన్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టమునకు విరుద్ధము. చెక్కు ద్వారానో బ్యాంకు ద్వారానో పుచ్చుకొని, మిగత సొమ్ము చెల్లింపునకు తేదీ వ్రాయించుకొనవలెను. కమీషను రిజిస్ట్రేషను నాడు ఇచ్చుట ఉభయులకు క్షేమము.

ఇందు పంచాయతీకి సంబంధించిన సంగతి యొకటి కలదు. ఆంధ్రప్రదేశమున విక్రయ దస్తావేజుపై నూటికి 5 స్టాంపు సుంకము, 1 రిజిస్ట్రేషన్ రుసుముగాక 1.5 బదిలీ సుంకము వసూలగును. ఈ బదిలీ సుంకము స్థానిక సంస్థల నిమిత్తమైనది. రిజిస్ట్రేషన్ శాఖవారి మార్కెటు విలువకు తక్కువగా సుంకము కట్టుట కుదరదు గాని, ఆ విలువ తరచు అసలు ధరకంటె తక్కువ కాన, దస్తావేజున దానినే చూపుమని మధ్యవర్తులు చెప్పుదురు. 17 లక్షల యింటిని 9 లక్షలని వ్రాసినపుడు బదిలీ సుంకమున 12,000 రూపాయలు తగ్గును. ఆ సొమ్ము మన వీధిదీపములకు, కాలువలకు రావలసినది. అమ్మువానికిని ముప్పే. కాగితముమీద లేని 8 లక్షలను కొనువాడు ఎగవేసినచో, అడుగుటకు వానిచేతిలో ఆధారమేమియు నుండదు.

సభ్యులే చాటున కమీషను పుచ్చుకొను వాడుకయు అచ్చటచ్చట కలదని విందుము. సలహా అడిగినవానికి ఆ సంగతి ముందుగా చెప్పినచో అతడు వేరొకరిని కూడ అడిగి చూచుకొనగలడు.

రిజిస్ట్రేషను పూర్తియైన పిదప కొనుగోలుదారు దస్తావేజు నకలుతో పంచాయతీ కార్యాలయమునకు వచ్చి ఇంటిపన్ను రిజిస్టరులో పేరు మార్పించుకొనవలెను. అమ్మినవాడును వెంట వచ్చి, అంతవరకు పన్నుబాకీ లేదని రశీదు చూపినచో ఆ పని అక్కడికక్కడే తెమలును.